ఒక కానిస్టేబుల్ కోసం కొండంతా మేలుకున్న రాత్రి

సిలిగురిలో జీపెక్కండి. ముందు సీటు దొరికితే అదృష్టం. లేదంటే వెనక ముగ్గురు నలుగురితో మోకాళ్లు కలుపుకుని కూచోవాలి. సుక్నా దాటగానే అడవి మొదలవుతుంది, ఆ వెనకే మలుపులు. రెండడుగుల వెడల్పున్న బొమ్మరైలు పట్టాలు రోడ్డును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటుతూ మీతోపాటే పైకెక్కుతాయి. కుర్సియాంగ్ చేరేసరికి మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చి చొక్కా తడిపేస్తుంది. ఇవాళ 2007 సెప్టెంబర్ 23, ఆదివారం. వానాకాలం ఇంకా కొండ దిగలేదు.

మబ్బు విడినచోటల్లా ఒకటే మొహం. టీకొట్టు గోడ మీద, ఎదురొచ్చే జీపు అద్దం మీద, దుకాణాల షట్టర్ల మీద నవ్వుతున్న కుర్రాడు. పేరు ప్రశాంత్ తమాంగ్, వయసు 24. పుట్టిందీ పెరిగిందీ డార్జిలింగ్‌లోనే. తండ్రి కోల్‌కతా పోలీసు శాఖలో పనిచేస్తూ ప్రమాదంలో పోతే, చదువు ఆపేసి ఆ ఉద్యోగంలో చేరాడు. పోలీసు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. సంగీతం గురువు దగ్గర కూచుని నేర్చుకున్నది కాదు, పాడుతూ పాడుతూ పట్టుబడ్డది. ఈ రాత్రి సోనీ టీవీలో ఇండియన్ ఐడల్ మూడో విడత ఫలితం చెబుతారు. చివరికి మిగిలింది ఇద్దరు. ఇతనూ, షిల్లాంగ్ కుర్రాడు అమిత్ పాల్.

ఘూమ్ స్టేషన్ దగ్గర జీపు ఆగుతుంది. ఏడువేల నాలుగొందల అడుగుల ఎత్తు. చలికి చేతులు జేబుల్లోకి వెళ్లిపోతాయి. ఒక గ్లాసు టీ తాగండి, పక్కన మాట్లాడుకుంటున్న వాళ్లను వినండి. భాష నేపాలీ. అర్థం కాకపోయినా ఒక మాట పదేపదే చెవిన పడుతుంది: హామ్రో. మన అని అర్థం. మన ప్రశాంత్.

ఈ వారాలన్నీ ఈ కొండ మీద ఏం జరిగిందో ఆ ఒక్క మాట చెబుతుంది. ఓటంటే ఎస్సెమ్మెస్. మామూలు మెసేజ్ కన్నా దాని ధర ఎక్కువ. ఒక్కరే ఎన్నైనా పంపవచ్చు. అంటే గెలవాలంటే అభిమానం ఉంటే చాలదు, డబ్బుండాలి. కొండ మీద డబ్బెక్కడిది? రోజంతా నిటారు వాలు మీద నిలబడి ఆకు తెంపినా వంద రూపాయలు కూలి రాని తేయాకు తోటలివి. ఆ తోటల నుంచే చందాలొచ్చాయి. ఊరూరా అభిమాన సంఘాలు పుట్టాయి. సంఘాల కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగారు, రీచార్జి కార్డులు కొన్నారు, వంతులు వేసుకుని బటన్ల ఫోన్లు నొక్కారు. ఫోను లేని ముసలివాళ్లు పది రూపాయల నోటు చేతిలో పెట్టి మా ఓటు కూడా నొక్కు నాయనా అన్నట్టు నిలబడితే, ఆ కుర్రాడు కాదనగలడా?

మనకిది కొత్తేమీ కాదనిపించవచ్చు. అంతకు ముందు విడతలో మన కారుణ్య ఫైనల్ దాకా వెళ్లినప్పుడు తెలుగిళ్లలోనూ ఫోన్లు మోగాయి, మెసేజ్‌లు వెళ్లాయి. 2006లో అతను రెండో స్థానంలో నిలిచినప్పుడు చాలామందికి ఆ పూట అన్నం సయించలేదు. కానీ కారుణ్య ఓడిపోతే తెలుగువాడు భారతీయుడేనా అని ఎవరూ అడగలేదు. ఇక్కడ తేడా అదే.

నేపాలీ మాట్లాడే ఈ డార్జిలింగ్ గూర్ఖాలు ఈ దేశ పౌరులు. తరతరాలుగా ఈ దేశ సైన్యంలో ప్రాణాలిచ్చినవాళ్లు. బతాసియా లూప్ దగ్గర రైలు చుట్టు తిరిగే చోట యుద్ధంలో పోయిన గూర్ఖా సైనికుల స్మారకం ఉంది, దిగి చూడండి. అయినా కొండ దిగితే చాలు, మీది నేపాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. వాళ్ల భాషను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేర్చడానికి 1992 దాకా పట్టింది. గూర్ఖాలాండ్ అనే ప్రత్యేక రాష్ట్రం కోసం 1986 నుంచి రెండేళ్లకు పైగా సాగిన పోరులో వందల ప్రాణాలు పోయాయి. చేతికొచ్చింది ఒక కొండ మండలి. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ మండలిని నడిపిస్తున్న సుభాష్ ఘీషింగ్ మీద జనానికి విసుగు పుట్టింది. అప్పుడు టీవీలో ఒక కుర్రాడు కనిపించాడు. అతను నిలబడ్డ పోటీ పేరులో రెండు మాటలున్నాయి. దేశమంతా రెండో మాట చూసింది. ఈ కొండ మొదటి మాట చూసింది. ఇండియన్.

చీకటి పడింది. చౌక్ బజార్‌కు దిగండి. టీవీ ఉన్న ప్రతి దుకాణం ముందూ జనం, గొడుగుల కింద జనం, తండ్రుల భుజాల మీద పిల్లలు. మోమోల గిన్నె మీద ఆవిరి లేస్తోంది, కొనేవాడు లేడు. ప్రకటనలు ఎంతకీ తెమలవు. వ్యాఖ్యాతలు మాట సాగదీస్తుంటే మీ పక్కనున్న పెద్దావిడ దండం పెట్టిన చేతులు దించలేదు.

ఒక్క నిమిషం షిల్లాంగ్ వైపు కూడా మనసు పెట్టండి, అది న్యాయం. అక్కడా ఇదే దృశ్యం. స్థానిక ఖాసీలకూ బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి పగలు రగిలిన ఊరది. అమిత్ పాల్ బెంగాలీ ఇంటి బిడ్డ. అతని కోసం ఖాసీలూ బెంగాలీలూ నేపాలీలూ ఒక్క వీధిలో నిలబడి పాడారు. మేఘాలయ ప్రభుత్వం అతన్ని శాంతి రాయబారిని చేసింది. పాట మాటకొస్తే, నా చెవికి అమిత్ గొంతే మెరుగు. శ్రుతి నిలకడ, పైస్థాయిలో పట్టు అతనివి. ప్రశాంత్‌ది సాదా గొంతు, కొన్నిసార్లు తడబడేది కూడా. అది దాచడం వల్ల ఎవరికీ మేలు లేదు. కానీ ఓటేసినవాళ్లు శ్రుతికి మార్కులు వేయలేదు.

పేరు వినబడింది. ప్రశాంత్.

ఆ తర్వాత ఏ మాటా వినబడదు. బజారు మొత్తం ఒక్క కేకైంది. ఎక్కడినుంచో మాదల్ డోలు మోత, టపాసులు, ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని వాటేసుకుంటారు. చినుకుల్లో నృత్యం. పెద్దావిడ ఏడుస్తోంది. అన్ని కోట్ల ఓట్లలో తనదీ ఒకటి. ఆమె తరం గెలిచిన మొదటి ఎన్నిక ఇదేనేమో అనిపిస్తుంది ఆమెను చూస్తే.

సంబరం మాత్రం వారం కూడా నిలవలేదు. ఢిల్లీలో ఒక రేడియో వ్యాఖ్యాత, గూర్ఖాలు పాటగాళ్లైపోతే ఇక రాత్రిళ్లు కాపలా కాసేదెవరన్న అర్థం వచ్చేలా పరిహాసమాడాడు. సెప్టెంబర్ 28న సిలిగురిలో దాని మీద నిరసన ఊరేగింపు తీశారు. అది స్థానికులతో ఘర్షణగా మారింది. రాళ్లు, మంటలు, కర్ఫ్యూ. సైన్యాన్ని దించాల్సి వచ్చింది. మీరు జీపెక్కిన ఆ ఊళ్లోనే. అక్టోబర్ 7న బిమల్ గురుంగ్ గూర్ఖా జనముక్తి మోర్చా స్థాపించాడు. ప్రశాంత్ కోసం ఓట్ల ఉద్యమం నడిపినవాళ్లలో ముందువరుసలో ఉన్నవాడే అతను. ఊరూరా తిరిగిన ఆ కుర్రాళ్లే కొత్త పార్టీకి కాళ్లూ చేతులూ అయ్యారు. మరుసటి ఏడాది ఘీషింగ్ కొండ వదలాల్సి వచ్చింది. ఒక పాటల పోటీ ఒక నాయకుణ్ని దించి మరొకణ్ని ఎక్కించిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది. ప్రశాంత్ మాత్రం జెండా పట్టలేదు. పాటలు పాడుకున్నాడు, 2010లో గోర్ఖా పల్టన్ అనే నేపాలీ సినిమాలో నటించాడు.

ఆ రేడియో మాట గురించి నేను చాలా ఆలోచించాను. అన్నవాడు ఢిల్లీలో ఉన్నాడు. కానీ ఆ మాట మన వీధుల్లోనూ ఉంది. రాత్రి లాఠీ తాటించి, ఈల వేసుకుంటూ తిరిగి, ఒకటో తారీఖున గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి మనం ఏ పేరు పెట్టాం? గూర్ఖా అన్నాం. ఒక జాతి పేరును తెలుగులో ఒక పని పేరుగా మార్చుకున్నాం. గూర్ఖా వచ్చాడు, ఐదు రూపాయలివ్వు. అతని పేరేమిటని, పాట వచ్చా అని, అతనిది నేపాలా డార్జిలింగా మరొకటా అని మనలో ఎందరం అడిగాం? మా ఇంట్లో అడగలేదు. ఏళ్ల తరబడి వచ్చిన మనిషి పేరు నాకిప్పటికీ తెలియదు.

మన దగ్గర ప్రత్యేక రాష్ట్రం తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. గూర్ఖాలాండ్ రాలేదు. ప్రత్యేక రాష్ట్రం కోరిక న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, దాని తీర్పు ఇక్కడ కాదు. మీరు చేయగలిగింది మాత్రం ఒకటుంది. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూచున్న ఆ మనిషిని ఈ సాయంత్రం పేరడిగి, ఊరడిగి, ఆ పేరుతోనే పిలవండి.