ఒక్కగానొక్క ఐనో

"ఐనోనా? ఔనో కాదో తేలనట్టుందే ఈ పేరు!" అంది అమ్మ ఫోన్లో. పాప పుట్టి అప్పటికి రెండు వారాలు. ఫిన్లండ్‌లో పేరు నమోదుకి మూడు నెలల గడువుంది. చాలామంది నామకరణ వేడుక రోజుదాకా పేరు గుట్టుగా ఉంచుతారు. మాకంత ఓపిక లేదు.

ఐనో అంటే "ఒక్కగానొక్క" అని చెప్పాక అమ్మ కాస్త మెత్తబడింది. ఏ పురాణకాలం నాటి పేరో అనుకున్నాను గానీ, నూట డెబ్బై ఏళ్ళు దాటిందంతే. కయాని ఊళ్ళో వైద్యుడిగా పనిచేసిన ఎలియాస్ లోన్‌రూట్ పల్లెలు తిరిగి జానపద గీతాలు సేకరించి 'కలేవలా' కావ్యం కూర్చాడు. పాటల్లో చెల్లెలికి విశేషణంగా వచ్చే ఆ మాటనే 1849 నాటి పెద్ద కూర్పులో పిల్ల పేరు చేసేశాడు.

అప్పట్లో ఫిన్నిష్ మాట పేరు కావడం విశేషమే. ఈ దేశం 1809 దాకా స్వీడన్ ఏలుబడిలో, ఆపైన 1917 దాకా రష్యా జారు కింద ఉంది. ఏలిక మారినా కచేరీల్లో, చదువుల్లో స్వీడిష్‌దే పెత్తనం. ఫిన్నిష్ పొలాల్లో, వంటిళ్ళలో బతికింది. చర్చి పుస్తకంలో క్రిస్టోఫర్ అని రాసుకున్నవాడు ఇంటికొచ్చేసరికి రిస్తో. మాట మొదట్లో రెండు హల్లులు కలిస్తే వీళ్ళ పాతతరాల నాలుక తిరిగేది కాదు. మా తాతయ్య స్కూలుని ఇస్కూలు అనేవాడు, అలాగే. అరువు మాటకి చివర అచ్చు తగిలించడమూ మన అలవాటే: మనకి బస్సు, వీళ్ళకి బుస్సి.

1863లో జారు రెండో అలెగ్జాండర్, ఇరవై ఏళ్ళలో ఫిన్నిష్‌కి స్వీడిష్‌తో సమాన హోదా రావాలని ఉత్తర్వు ఇచ్చాడు. పెద్దిళ్ళలో కొందరు అప్పటికే పనివాళ్ళ భాషను పిల్లల నోట పలికిస్తున్నారు. 1871లో సైనికాధికారి యార్నెఫెల్ట్ ఇంట పుట్టిన ఐనో అలాంటి పిల్లే. తల్లిది పీటర్స్‌బర్గ్‌లోని బాల్టిక్ జర్మన్ ప్రభువంశం. అయినా కూతురికి ఫిన్నిష్ పేరే పెట్టారు. స్వరకర్త సిబేలియుస్ పెళ్ళాడింది ఈమెనే. 1904లో వాళ్ళు కాపురం పెట్టిన ఇల్లు ఐనోలా. 1906 మే 12న, ఫిన్నిష్ కోసం పోరాడిన స్నెల్‌మన్ శతజయంతి నాడు, వేల కుటుంబాలు ఇంటిపేర్లే ఫిన్నిష్‌లోకి మార్చేసుకున్నాయి. మనకైతే ఇంటిపేరు మార్చడమంటే గోత్రం కదిలినంత పని!

"ఇంతకీ కథలో ఆ పిల్ల ఏమైంది?" అంది అమ్మ. చెప్పక తప్పలేదు. ముసలి గాయకుడు వైనామోయినెన్ చేతిలో పాటల పోటీ ఓడిన అన్న, అతనికే చెల్లెల్నిస్తానని మాటిచ్చాడు. ఆ పెళ్ళి గిట్టక ఐనో నీళ్ళపాలైంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మన గురజాడ పూర్ణమ్మే కదే," అంది చివరికి. "అయినా మనవాళ్ళు పూర్ణ అని పెట్టుకోవట్లేదా? కానీ."

బారసాల నాడు వీడియోలో అమ్మ చెబుతుంటే, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాశాం. ఉన్నవి రెండే అక్షరాలు. రాయడం పూర్తికాకముందే ఆవిడ అటునుంచి పిలిచేసింది: "ఐనమ్మా!"