నల్లగీతల నడుమ

అమెరికా స్వాతంత్ర్యసమరమునకు ముందు పదేండ్లకాలమున బోస్టన్, ఫిలడెల్ఫియా నగరములలో వారమున కొకమారు వెలువడిన నాలుగుపుటల పత్రికలు మొదటిసారి చేతికి వచ్చినప్పుడు క్రొత్త సేకర్త కించుక నిరాశ కలుగుట సహజము. ఏలయనగా వానిలో మన మెరిగిన పెద్దయక్షరముల శీర్షికలు లేవు. రేవు చేరిన ఓడల పట్టికలకును, వెస్టిండీసు రమ్ము అమ్మకపు ప్రకటనలకును నడుమ, కన్నులు చిట్లించి చదువవలసిన సన్నని యక్షరములలో, ఒక సామ్రాజ్యము బీటలువారుచుండును.

కాగితమును గూర్చి ఒకమాట చెప్పవలెను. అది పాతగుడ్డల పేలికలను నానవైచి దంచిన గుజ్జుతో చేతిమీద చేసినది. వెలుతురున కెత్తిపట్టినచో తీగెజల్లెడ గీతలు వరుసగా కనబడును. వెనుకవైపు తడిమినచో అచ్చు నొక్కిన గుంటలు వ్రేలికి తగులును. కట్టెగుజ్జు కాగితముపై అచ్చైన మొన్నమొన్నటి మన పత్రికల కట్టలు విప్పినంతనే అప్పడములవలె విరుగుచుండ, ఆ కాగితము నేటికిని మెత్తగా మడతపడును. ప్రసిద్ధమైన సంచికలకు తరువాతి కాలమున నకళ్ళు పుట్టినవి గనుక, కొనువాడు కన్నులకంటె వ్రేళ్ళను నమ్ముట మేలు.

1765 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు స్టాంపు చట్టమును చేసి, పత్రిక నిండుకాగితమునకు ఒక పెన్నీయు, ప్రతి ప్రకటనకు రెండు షిల్లింగులును సుంకము విధించినప్పుడు, ఆ దెబ్బ తిన్నగా ముద్రాపకుని పొట్టపై పడినది. కలము పట్టిన వర్తకుని పొట్ట కొట్టుట రాజనీతి కాదని లండను మంత్రులకు తోచకపోవుట వింతయే. చట్టము అమలులోనికి వచ్చుటకు ముందునాడు, అనగా అక్టోబరు 31న, ఫిలడెల్ఫియాలో విలియం బ్రాడ్‌ఫర్డ్ తన పెన్సిల్వేనియా జర్నల్ మొదటిపుటను దట్టమైన నల్లగీతలతో సమాధిరాయివలె తీర్చి, కపాలమును ఎముకలను అచ్చొత్తి ప్రచురించెను. ఆ యేడే ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ ఢిల్లీ పాదుషావలన మన ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందినది. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవున నీటిపాలైన 342 పెట్టెల తేయాకు ఆ కంపెనీదే.

ఈ పత్రికలను కూడబెట్టినవారిలో అగ్రగణ్యుడు స్వయముగా పత్రిక నడపిన ఐజయా థామస్. 1775 ఏప్రిల్‌లో, తుపాకులు పేలుటకు కొలది దినములు ముందుగా, అతడు తన ముద్రణయంత్రమును రాత్రికి రాత్రి బోస్టన్ దాటించి వూస్టర్ పట్టణమునకు చేర్చెను. 1812లో అచ్చటనే అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీని స్థాపించి తన సేకరణము నిచ్చెను.

అన్నిటికంటె సేకర్తలు కోరునది బోస్టన్ గెజెట్ 1770 మార్చి 12 నాటి సంచిక. వారము ముందు, 5వ తేదీ రాత్రి, సైనికులు గుంపుపై కాల్పులు జరిపిరి. వార్త నడుమ నాలుగు చిన్న శవపేటికలు. ఒక్కొక్క దానిపై కపాలమును, మృతుని పేరు పొడియక్షరములును గలవు. చెక్కినవాడు వెండిపనివాడగు పాల్ రివియర్. గాయపడిన ఐదవవాడు తరువాత మరణింపగా, మరుసటి వారము ఐదవ పేటిక యచ్చైనది.

ఆ నాలుగింటిలో ఒకదానిపై నున్న యక్షరములు సి. ఎ. — క్రిస్పస్ అటక్స్. నా మాట వినువాడైనచో, సేకర్త ఈ సంచిక ప్రక్కనే అదే పేరుగల పత్రిక 1750 అక్టోబరు 2 నాటి సంచికను గూడ ఉంచుకొనవలెను. అప్పటి ప్రచురణకర్తలు వేరు. అందులో ఫ్రేమింగ్‌హాం నివాసి యొకడు, ఇరువది యేడేండ్ల ప్రాయము, ఆరడుగుల రెండంగుళముల పొడవు గల క్రిస్పస్ అను తన బానిస పారిపోయెనని ప్రకటించెను. వీడే ఆ అటక్స్ అని పలువురు చరిత్రకారుల తలంపు. పట్టియిచ్చువారికి యజమాని ఇయ్యజూపిన బహుమానము పది పౌనులు.