మాటల వెనుక మనుషులు

మాటకు అర్థము పుట్టుకతో వచ్చినదని సామాన్యముగా తలంతుము. నిఘంటువు తెరచి చూచినచో అట్లే తోచును. కాని జనుల తలపు మారినకొలదిని మాట అర్థమును మారుచునే యుండును. నేడు మనము ముక్కు మూసికొను ‘కంపు’ ప్రాచీన కావ్యములలో పరిమళము. నువ్వుల నెయ్యియే ‘నూనె’. కొబ్బరినూనె అన్నప్పుడు నువ్వులు ఎవరికిని జ్ఞప్తికి రావు. ఇవి అందరు చెప్పు ఉదాహరణములే. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఇంతకంటె గట్టి సాక్ష్యములు కలవని మా అభిప్రాయము. 2022 ఏప్రిల్ వరకు ఈ మూడును గుంటూరు జిల్లాలోనివే. ఇప్పుడు తెనాలి మాత్రమే అందున్నది, తక్కిన రెండును బాపట్ల జిల్లాలో చేరినవి.

రేపల్లె పేరు వినగానే భాగవతము చదివినవారికి ‘వ్రేపల్లె’ స్ఫురించును. వ్రేపల్లె యనగా గోకులము. ‘వ్రాయు’ అనునది ‘రాయు’ అయినట్లే ఇందును వకారము జారును. రేపల్లె నేడు పురపాలక సంఘము గల పట్టణము. అయినను పేరులోని పల్లె పోలేదు. ఇక సముద్రపు టొడ్డున ‘పల్లెవారు’ అన్నచో పల్లెలో నుండువారని కాదు, చేపలు పట్టి జీవించువారని అర్థము.

తెనాలి అనగానే రామలింగడు. పాండురంగ మాహాత్మ్యము రచించిన ఆ మహాకవి పేరును జనులు చమత్కారికి సామాన్యనామము చేసికొనిరి. కావ్యము చదివినవారు కొందరు, పేరు వాడువారు అందరును. అయితే తెనాలిలో మాకు ముఖ్యముగా తోచునది మరియొక మాట, ‘సూతుడు’. భారతమున కర్ణుని కించపరచుటకు వాడిన మాట యిది. కవిరాజు త్రిపురనేని రామస్వామిగారు (1887–1943) సూతపురాణము రచించి, తెనాలిలోని తమ గృహమునకు ‘సూతాశ్రమ’మని పేరిడిరి. అవమానముగా నుండిన శబ్దము ఆ యింటి గుమ్మముపై అభిమానమైనది. పురాణములను ప్రశ్నించిన హేతువాది తన యింటిని ‘ఆశ్రమ’ మనుటలోని చురుకును శ్రోతలు గమనింపకపోరు.

బాపట్ల కథ పెద్దది. అది భావనారాయణస్వామి వెలసిన భావపురి. 1913 మే నెలలో బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది అచ్చటనే. ‘ఆంధ్ర’ శబ్దము అంతకు వేల యేండ్ల ముందే యున్నది. ఐతరేయ బ్రాహ్మణమున అది విశ్వామిత్రుని శాపము పొంది ఎల్లల కావల నుండు ఒక జాతి పేరు. పదునొకండవ శతాబ్ది నందంపూడి శాసనమున నారాయణభట్టు కవిత్వము చెప్పిన భాషలలో నొకటి. జాతి భాషయైనది. బాపట్లలో ఆ భాష ఒక కోరికయైనది: తెలుగువారికి వేరు రాష్ట్రము. సభలో ఏకాభిప్రాయము కుదరలేదు; తమిళ జిల్లాలనుండి విడివడుట మేలా కీడా యని సందేహించినవారును తెలుగువారే. కాని నాటినుండి ‘ఆంధ్ర’ యన్నచో ఒక రాష్ట్రపు పటము మనసున మెదలజొచ్చినది. 1953 అక్టోబరు 1న ఆ పటము నిజమైనది.

కృష్ణ కావలి యొడ్డున ఇదే మాట వేరొక త్రోవ పట్టినది. 1921లో హైదరాబాదున ఒక సభలో తెలుగున మాటాడబోయిన వక్తను ఎగతాళి చేసిరి. ఆ బాధలోనుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. అప్పుడచ్చట ‘ఆంధ్రుడు’ అనగా ‘నేను’. 1956లో ఉభయ ప్రాంతములు ఒక్కటైనవి. ఉద్యోగములు, నీళ్లు, నిధుల తగవులు పెరిగి 1969 ఉద్యమము వచ్చునప్పటికి ఆ మాటకే ‘వారు’ అని అర్థమైనది. తాతగారు తనను పిలుచుకొన్న పేరుతో మనుమడు ఎదుటివానిని పిలిచెను. నలువది యేండ్లలో ఒక శబ్దము ఇంతగా తిరుగబడుట మే మెన్నడును వినలేదు. దీనికి వ్యాకరణములో కారణము వెదకిన దొరకదు. 2014 జూన్ 2న రాష్ట్రము విభజింపబడినప్పుడు ఆ పేరు ఒక వైపుననే నిలిచినది.

హైదరాబాదు సుల్తాను బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మాత్రము పేరు మార్చుకొనలేదు. ఆ పేరులో ‘ఆంధ్ర’ యనగా నేటికిని తెలుగే.