కాసుల పేరు

నాణేల చరిత్ర అనగానే మనకు రాజులు గుర్తొస్తారు. ఎవరు ముద్రించారు, ఏ సంవత్సరంలో, ఏ లోహంతో, ఎంత బరువుతో – ప్రశ్నలన్నీ టంకశాల గడప దగ్గరే ఆగిపోతాయి. గడప దాటాక ఆ నాణెం ఎవరి కొంగుముడిలో ఉంది, ఎవరి మెడలో వేలాడింది, ఎందుకు చేజారిపోయింది అన్నవి చరిత్ర ప్రశ్నలు కావా? ఇటీవల హైదరాబాద్‌లో నాణేల సేకర్తల సంఘం నెలవారీ సమావేశానికి వెళ్ళినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

స్త్రీల పాటల్లో నగల ప్రస్తావనలు నా పరిశోధనలో భాగం. పాటల్లో విన్న కాసుల్ని కళ్ళారా చూద్దామని వెళ్ళాను. నలభైమంది దాకా ఉన్న హాల్లో ఆడవాళ్ళం ముగ్గురం. ఒకామె భర్తతో వచ్చారు. ఇంకొకామె తండ్రి పోయాక ఆయన నాణేల పెట్టె అమ్ముదామని వచ్చారు. సభ్యులు ఆదరంగానే మాట్లాడారు. భూతద్దం చేతికిచ్చి, నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలని నేర్పారు.

ఒక పెద్దాయన శాతవాహన నాణేల మీద 'గోతమిపుత', 'వాసిఠిపుత' అన్న అక్షరాలు చూపించి, “చూశారామ్మా, తల్లి పేరు నాణేనికెక్కించిన నేల మనది” అన్నారు. నిజమే. కానీ అవి ఆ తల్లుల సొంత పేర్లు కావు, గోత్రాన్ని చెప్పే పేర్లు. గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి బాలశ్రీ అని మనకు చెప్పేది నాసిక్ శాసనం. మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో ఆమె చేసిన గుహాదానాన్ని అది నమోదు చేసింది. దాతగా ఆమెకు పేరుంది. నాణెం మీద మాత్రం కొడుకుని గుర్తుపట్టడానికే తల్లి పనికొచ్చింది.

తర్వాత విక్టోరియా రూపాయలు వచ్చాయి. 1840 నుంచి 'క్వీన్', 1877 నుంచి 'ఎంప్రెస్'. ఒక స్త్రీ ముఖం దేశమంతా చేతులు మారింది. ఆమె ఏలిన ఇంగ్లండులోనే పెళ్ళయిన స్త్రీకి తన ఆస్తిపై పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. డబ్బు మీద ఆడదాని బొమ్మ ఉండటం వేరు, డబ్బు ఆడదానిది కావడం వేరు.

పెట్టె తెచ్చినామె వంతు వచ్చింది. అందులో ఆరు విక్టోరియా రూపాయలకు పైఅంచున రింగు అతికించి ఉంది. చూసినాయన వాటిని పక్కకు నెట్టి, “ఇవి డామేజి అమ్మా. టంకం పడింది, వెండి ధరే వస్తుంది” అన్నారు. అదే బల్ల మీద ప్లాస్టిక్ కవర్లలో మెరుస్తూ చిల్లు పైసలున్నాయి. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943లో మొదలుపెట్టి 1947 దాకా బ్రిటిష్ ప్రభుత్వం నడిమధ్య చిల్లుతో ముద్రించినవి. వాటిని ఎవరూ డామేజి అనరు. సర్కారు పెట్టిన చిల్లు డిజైను, ఆడవాళ్ళు పెట్టించిన రింగు డామేజి!

చరిత్రలో ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ లెక్క తలకిందులవుతుంది. రుగ్వేదంలో నిష్కం అంటే మెడలో వేసుకునే ఆభరణం. అది నాణేనికి పేరైంది తర్వాతి కాలంలోనే. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో రోమన్ నాణేలను పోలిన మట్టి బిళ్ళలు, వేలాడదీసుకునే వీలుతో చేసినవి దొరికాయి. మెడకీ నాణేనికీ ఉన్న చుట్టరికం చాలా పాతది.

భూమిలో వాటా లేని ఆడవాళ్ళకు మెడే బ్యాంకు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటా 2005లో వచ్చింది. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో గట్టిగా చెప్పింది 1985లో. అంతకుముందు ఎన్ని తరాలు ఆ దండల మీద ఆధారపడ్డాయో! అలాగని దాన్ని స్వేచ్ఛగా పొగడలేం. ఇంట్లో అవసరం పడ్డప్పుడు మగవాళ్ళ చెయ్యి ముందు వెళ్ళేదీ ఆ మెడ మీదికే.

ఆ రూపాయలు ఎవరివని ఆమెనడిగాను. “మా నాయనమ్మవి. తొమ్మిది ఉండేవట. మూడు బాబాయి చదువుకి పోయాయి. మిగిలినవి నాన్న తన పెట్టెలో పెట్టుకున్నారు.” నాయనమ్మ దండ నాన్న కలెక్షనైంది. ఆ ఆరూ ఎవరివో చెప్పే గుర్తు వాటి మీది టంకం మచ్చలే. ఆమెకు డబ్బు అవసరం. తూకానికి అమ్మేశారు.

అవి కరిగిపోతే ఆ కుటుంబంలో ఒక స్త్రీకి ఒకప్పుడు సొంత ఆస్తి ఉండేదనడానికి సాక్ష్యమూ కరిగిపోతుంది. నాణేల పట్టికలో లోహానికీ, బరువుకీ, టంకశాలకీ గడులున్నాయి. 'మెడలో వేసుకున్నది' అని రాసుకోవడానికి ఇంకొక్క గడి చాలు. కాసులపేరులో పేరంటే దండ. దాన్ని ధరించినామె పేరు కూడా ఆ గడిలో రాసుకుంటే, రాజుల వరసలో దొరకని చరిత్ర అక్కడ మొదలవుతుంది.