మాంచాల పుస్తకంలోకి వచ్చిన దారి

రాజుపాలెం దగ్గర గుంటూరు–మాచర్ల రోడ్డెక్కి, పిడుగురాళ్ళ దాటి కారెంపూడి వైపు మళ్ళితే పల్నాటి వీరుల గుడికి చేరతాం. 12వ శతాబ్దంలో ఒకే తండ్రి బిడ్డలు ఇక్కడ కత్తులు దూసుకున్నారు. ఆ తండ్రి అనుగురాజు. ముగ్గురు భార్యలు. పెద్ద భార్య మైలమాదేవి చందవోలు రాచబిడ్డ, పల్నాడు ఆమెకు పుట్టింటివారిచ్చిన అరణం. సవతి బిడ్డలకు ఆస్తి పంచాల్సిన ఇంట్లో గొడవ రావడానికి, యుద్ధానికి కారణంగా చెప్పే కోడిపందెం దాకా వెళ్ళాలా? రెండు పక్షాల మంత్రులు బ్రహ్మనాయుడూ నాగమ్మా రంగంలోకి రాకముందే సగం కథ ఆ పెళ్ళిళ్ళలో ఉంది.

ఈ కథను చాలాకాలం కాపాడింది పుస్తకం కాదు, గొంతు. వీరవిద్యావంతులనే మాల గాయకులు రాత్రుల తరబడి పాడేవారు. బ్రహ్మనాయుడి పక్కన నిలిచిన మాల కన్నమదాసు వాళ్ళకు కథలో పాత్ర మాత్రమే కాదు, తమవాడు. 15వ శతాబ్దంలో ఇదే కథ ద్విపదలోకి ఎక్కింది. శ్రీనాథుడి పేరున చెలామణి అవుతున్న ఆ కావ్యంలో మనకు మిగిలింది బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి భాగం మాత్రమే. ఛందస్సు మంజరీ ద్విపద, అంటే ప్రాస నియమం లేనిది. ఇంట్లో మాటామాటా పెరిగే ఘట్టాలకు ఆ వెసులుబాటు బాగా అమరింది.

మిగిలిన భాగమే అది కావడం నాకు వింతగా తోస్తుంది. అందులో యుద్ధం ఎంత ఉందో, ఇల్లూ అంత ఉంది. పెద్దలంతా కారెంపూడి పొలంలో మోహరించారు. ఇంట్లో ఉన్న పిల్లవాడికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. బాలచంద్రుడు బొంగరాలాడుకుంటున్నాడు. బొంగరం గురితప్పి ఒక వైశ్య ఇల్లాలి కాలికి తగిలింది. నీవాళ్ళు యుద్ధభూమిలో ఉంటే నీకిక్కడ ఆటలా అన్న అర్థం వచ్చేలా ఆమె దెప్పింది. ఊరందరికీ తెలిసి తనకొక్కడికే తెలియని విషయం అలా బయటపడింది. తరవాతి కాలపు నవలల్లో పక్కింటావిడ నోరుజారడం, దాచిన ఉత్తరం దొరకడం వంటి ఘట్టాలన్నీ ఈ పనే చేశాయి.

అతను వెంటనే తల్లి ఐతాంబను నిలదీశాడు. కొడుకును ఆపే దారి ఆమెకు ఒక్కటే కనిపించింది: భార్య దగ్గరికి పంపడం. పెళ్ళయిందన్న మాటేగాని బాలచంద్రుడికి మాంచాలతో కాపురం లేదు, శ్యామాంగి అనే వేశ్య ఇంట్లోనే అతని కాలమంతా గడిచింది. పుట్టింట ఉండిపోయిన కోడలు ఇప్పుడు అత్తకు గుర్తొచ్చింది, అదీ కొడుక్కి సంకెలగా. మాంచాల తల్లి రేఖాంబ కూడా అల్లుణ్ణి కట్టిపడెయ్యమనే కూతురికి చెప్పింది. ఇద్దరు తల్లులు కలిసి పన్నిన ఈ ఉపాయాన్ని మాంచాల వమ్ము చేసింది. ఇన్నాళ్ళూ తన గడప తొక్కని మొగుడు ఒక్క రాత్రికి వస్తే, కత్తి చేతికిచ్చి సాగనంపింది. దీన్ని వీరపత్ని త్యాగమని పాఠాల్లో చెప్పుకుంటాం. తనను వాడుకోవాలని చూసిన పెద్దలకు ఆమె ఇచ్చిన జవాబు కూడా అందులో ఉందని నాకనిపిస్తుంది.

ఈ భాగాన్ని 1911లో అచ్చువేయించినవారు అక్కిరాజు ఉమాకాంతం. 1938లో మళ్ళీ వేశారు. భావకవుల ప్రేమగోలను 'నేటి కాలపు కవిత్వం'లో ఉతికి ఆరేసిన పండితుడు ఆయనే. ఊహాప్రేయసి మీద అంత చిరాకుపడ్డ మనిషి చేతుల మీదుగానే మాంచాల చదువరుల ముందుకు రావడం సరదాగా లేదూ! అచ్చయ్యాక కథ ఆగలేదు. నాజర్ బుర్రకథగా చెప్పాడు. గూడవల్లి రామబ్రహ్మం సినిమా మొదలుపెట్టి, పూర్తికాకుండానే కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 1947లో వచ్చిన ఆ 'పల్నాటి యుద్ధం'లో బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు. పదిహేడేళ్ళకు అదే నటుడు, కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' ఆధారంగా వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'లో, చెల్లెలి పోలిక చూసి ఒక స్త్రీని అభిమానించి రెండు కాపురాల్లో అనుమానం రేపిన డాక్టరయ్యాడు. వారపత్రికల సీరియళ్ళ మీద పెరిగిన పాఠకులకు ఆ ఇళ్ళు కొత్తేమీ కాదు. కత్తుల బదులు స్టెతస్కోపులొచ్చాయంతే.

గాయకుల కథ మాత్రం పుస్తకాల వెనకే ఉండిపోయింది. గాయకుడు ఆలిశెట్టి గాలెయ్య పాడినదాన్ని రికార్డు చేసి, అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చింది జీన్ రోఘేర్ అనే విదేశీ పరిశోధకుడు. ద్విపదలో మనకు చిక్కని ముందువెనకల కథ అందులో దొరుకుతుంది.

ఏటా కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో ఐదు రోజుల ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారం నాటి కథ అలరాజుది. బ్రహ్మనాయుడి పక్షం నుంచి సంధి మాటలకు సాక్షాత్తూ మామ, మైలమాదేవి కొడుకు నలగామరాజు దగ్గరికే వెళ్ళి, విషప్రయోగానికి బలైన అల్లుడతను. నలగాముడి కూతురు పేరిందేవి పుట్టింటి పగకు భర్తను పోగొట్టుకుని సహగమనం చేసింది. ఆమె దుఃఖం ఆ రోజు కథలో ఉంది. మాంచాల రాత్రికి మాత్రం ఆ ఐదింట్లో విడిగా రోజు లేదు. ఆమె కోసం పుస్తకమే తెరవాలి.