సమర్పణ (నల్లగొండ, మహబూబ్‌నగర్ క్రైస్తవ సంఘాలు)

విశ్వాసి తన పంతాన్ని, పగను, రేపటి దిగులును దేవునికి అప్పగించి మనశ్శాంతి పొందడాన్ని క్రైస్తవులు సమర్పణ అంటారు. దక్షిణ తెలంగాణ సంఘాల వాడుకలో ఇది ‘ప్రభువు చేతికి అప్పగించుకోవడం’. అన్ని శాఖల్లోనూ ఉన్నదే అయినా, ఈ వ్యాసం ముఖ్యంగా మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల గురించి. 16వ శతాబ్దపు ఐరోపాలో వారి పూర్వీకులైన అనాబాప్టిస్టులు, జర్మన్ మార్మికుల నుంచి అందుకున్న ‘గెలాసెన్‌హైట్’ను, అంటే దేవుని చిత్తానికి పూర్తిగా లొంగిపోవడాన్ని, భక్తికి మూలంగా పెట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది ఆయుధం పట్టకపోవడానికీ ఇదే పునాది.

ఈ శాఖ ఇక్కడికి ఎప్పుడు వచ్చిందన్న దానిపై లెక్కలు కలవవు. దక్షిణ రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషను కింద నల్లగొండలో పని చేశారు. నల్లగొండ స్టేషనుకు 1890 అని రాసేవారూ ఉన్నారు. పీటర్ పెన్నర్ 1997 నాటి తన చరిత్రను 1885 నుంచి మొదలుపెట్టారు. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషను తన సొంత పనిని 1899 నుంచి లెక్కిస్తుంది. సంఘాల జ్ఞాపకంలో నిలిచినది 1889. దాన్నే స్వీకరించడం సబబు. పాలమూరులో (మహబూబ్‌నగర్‌లో) మొదట పని చేసినవారు బాప్టిస్టులే. ఆ క్షేత్రం 1937లో మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది.

ఈ బోధను అందుకున్నవారిలో అత్యధికులు మాదిగలు, మాలలు. దొరకు, కరణానికి తరతరాలుగా లోబడి వెట్టి చేసినవారికి మళ్ళీ లోబడమని చెప్పడమేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. మిషన్లు అణకువనే నేర్పాయన్న విమర్శ ఉంది, అది పూర్తిగా కొట్టిపారేయదగినదీ కాదు. అయితే ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. దేవునికి లొంగడమంటే ఊరి పెద్దలకు కాదనడమే అయింది. దాంతో కొత్త విశ్వాసులకు బావులు, పనులు మూసుకుపోయాయి. ఆ బాప్టిస్టు సంప్రదాయమే నల్లగొండకూ వచ్చింది. ఈ వ్యాసకర్త మొగ్గు రెండో వాదనవైపే.

మనశ్శాంతి వెతుకులాట మిషనరీలతో పుట్టిందనుకోవడం కూడా పొరపాటే. ఒంగోలు ప్రాంతంలో తొలి మాదిగ విశ్వాసుల్లో ముఖ్యుడు ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందు రాజయోగ మార్గంలో గురుశిష్య సాధన చేసినవాడని జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో రాశారు.

ఆయుధం పట్టని నియమం మాత్రం తెలుగు సంఘాల్లో పలచబడింది. బాప్టిస్టులతో కలిసి సాగిన తొలి దశ ఒక కారణం కావచ్చు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేకపోవడం అంతకన్నా పెద్ద కారణమనిపిస్తుంది. రష్యాలో, అమెరికాలో మెన్నోనైట్లను తేల్చిచెప్పమన్న పరీక్ష ఇక్కడ రాలేదు.

నియమం పలచబడ్డా ఆచారం నిలిచింది. దాన్ని చూడాలంటే ప్రభురాత్రి భోజనానికి వెళ్ళాలి. చాలా సంఘాల్లో అది నెల మొదటి ఆదివారం ఉంటుంది. తగాదా ఉన్నవారు సమాధానపడి రావాలని పాస్టరుగారు ముందే హెచ్చరిస్తారు. గట్టు తగాదాలో అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే, పళ్ళెం తమ వరుసకు వచ్చినప్పుడు ఇద్దరూ తల వంచుకుని ఊరకుంటారు. ‘ఆయన బల్ల (ప్రభు భోజనం) తీసుకుంటలేడు’ అన్న ఒక్క మాటతో సంగతి ఊరంతటికీ తెలిసిపోతుంది. రాజీ కుదిర్చేది తరచుగా సంఘ పెద్దలు, కొన్నిసార్లు స్త్రీల సమాజం.

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు సిలువ మీది ఏడు మాటలను ఒక్కొక్కరు ఒక్కో మాట చొప్పున ధ్యానిస్తారు. ఏడోది ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట. ఉపవాసంతో ఉన్న జనం మధ్య అది చివర వస్తుంది గనుక బోధకుడు ఎక్కువ మాట్లాడడు, మాట్లాడినా ఎవరూ వినరని పెద్దలు నవ్వుతూ అంటారు. గృహ కూటాల్లో ఇదే మాట సాక్ష్యాల్లో మారుమోగుతుంది: బోరు ఎండింది, అప్పు తీరలేదు, కొడుకు బొంబాయి పనికి పోయాడు, ‘ప్రభువుకు అప్పజెప్పి పండుకున్న’. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు, కంజీర, తాళాలు ఈ కూటాలకు తోడు.

అప్పగించడమంటే చేతులు ముడుచుకోవడం కాదని మిషను ఆస్పత్రులు చూపాయి. డాక్టర్ కాథరినా షెలెన్‌బర్గ్ 1907 నుంచి 1945లో చనిపోయేదాకా ఈ ప్రాంతంలో వైద్యం చేశారు. జడ్చర్ల ఆస్పత్రి 1950ల నాటిది. 1920లో మొదలైన బైబిలు పాఠశాల పరంపరలో షంషాబాద్‌లో నేడు మెన్నోనైట్ బ్రదరెన్ సెంటినరీ బైబిల్ కాలేజీ నడుస్తోంది. సంఘ పాలక మండలి ప్రధాన కార్యాలయం మహబూబ్‌నగర్‌లో ఉంది.