అలమరలోంచి పాత కచేరీకి

ఇటీవల ఒక ఆంగ్ల నవల చదివాను. పేరు 'ఎవ్రీ యాంక్షస్ వేవ్'. రచన మో డేవియో. 2016లో వెలువడిన తొలి నవల. దాని మంచిచెడ్డలను తూకం వేయడం నా ఉద్దేశం కాదు. పుస్తకం మూసిన తర్వాత కూడా నన్ను వదలని ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న వెంట పడి కొంత చరిత్ర తిరగేశాను. ఆ తిరుగుడు మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

కథ క్లుప్తంగా చెబుతాను. షికాగో నగరంలో కార్ల్ బెండర్ అనే నడివయసు మనిషి ఒక మద్యశాల నడుపుతుంటాడు. యౌవనంలో ఒక రాక్ బృందంలో గిటారు వాయించినవాడు. అతని అలమరలో గతకాలంలోకి తెరుచుకునే రంధ్రమొకటి బయటపడుతుంది. దానిని అతడూ, అతని మిత్రుడు వేన్ కలిసి దేనికి వాడుకున్నారనుకున్నారు? రాజ్యాలను మార్చడానికి కాదు, నిధులను తవ్వడానికీ కాదు. జరిగిపోయిన సంగీత కచేరీలకు వెళ్ళి విని రావడానికి! డబ్బు పుచ్చుకుని ఇతరులనూ పంపుతారు. ఇంతలో వేన్‌కు ఒక సత్సంకల్పం కలుగుతుంది. 1980 డిసెంబరు 8న న్యూయార్కులో జాన్ లెనన్‌ను ఒకడు కాల్చి చంపాడు కదా, దానిని ఆపాలని బయలుదేరుతాడు. సంవత్సరం అంకెలలో ఒకటి జారిపోయి, 1980కి బదులు 980లో తేలతాడు. అక్కడ గిటారూ లేదు, లెననూ లేడు, న్యూయార్కూ లేదు. అతణ్ణి తిరిగి తేవడానికి లీనా అనే ఖగోళభౌతిక విద్యార్థిని సాయం కోరవలసి వస్తుంది.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. రాక్ సంగీతం పుట్టేనాటికే ధ్వనిముద్రణ బాగా ఎదిగింది. ఆ గాయకుల పాటలు రికార్డుల మీద దొరుకుతూనే ఉన్నాయి. అయినా ఈ మనుషులు కాలాన్ని చీల్చుకుని ఆ గదుల్లోకే ఎందుకు పోవాలనుకున్నారు? రికార్డులో లేనిది అక్కడ ఏముంది?

నాకే ఆ అలమర దొరికితే మరికాస్త వెనక్కి పోతాను. మొదటి మజిలీ వియన్నా. 1808 డిసెంబరు 22 సాయంత్రం ఆరున్నర గంటలు. 'థియేటర్ ఆన్ డెర్ వీన్' అనే నాటకశాలలో బీథోవెన్ తన రచనలతో కచేరీ పెట్టాడు. ఇప్పుడు లోకమంతా ఎరిగిన అయిదవ, ఆరవ సింఫనీలు ప్రజల చెవిన మొదటిసారి పడింది ఆ రాత్రే. నాలుగవ పియానో కాన్చెర్టోను బీథోవెన్ స్వయంగా వాయించాడు. ఇవి చాలవన్నట్టు చివర్న పియానో, వాద్యబృందం, గాయకబృందం కలిసే 'కోరల్ ఫాంటసీ' కూడా ఉంది.

ఇంతటి రాత్రికి సాక్షిగా ఉండడం ఎంత అదృష్టమో అనిపిస్తుంది. అక్కడున్నవారి అనుభవం మాత్రం వేరు. శాలలో చలి కాచుకునే ఏర్పాటు లేదు. కచేరీ నాలుగు గంటలు సాగింది. సాధన చాలని వాద్యబృందం చివరి రచన మధ్యలో తడబడితే బీథోవెన్ ఆపించి మళ్ళీ ఎత్తుకోమన్నాడు. రైఖార్ట్ అనే స్వరకర్త ఒక రాజుగారి పక్కన కూర్చుని ఆసాంతం చలికి వణుకుతూ విన్నాడు. మంచిదైనా మితిమీరితే భరించడం కష్టమన్న అర్థం వచ్చేలా రాసుకున్నాడు. తాము వింటున్నది ఏమిటో అక్కడున్నవారికి తెలియదు. తెలియకపోవడమే ప్రత్యక్ష సంగీతంలోని మొదటి లక్షణం. మనం అలమరలోంచి వెళ్ళినా వాళ్ళ చెవులతో వినలేము. రెండు వందల ఏళ్ళ కీర్తిని మూటగట్టుకునే వెళతాము.

ధ్వనిని పట్టి నిలిపే యంత్రాన్ని ఎడిసన్ 1877లో చేశాడు. 1888 జూన్ 29న లండన్ స్ఫటిక మందిరంలో హాండెల్ ఉత్సవం జరిగింది. దాదాపు నాలుగు వేల గొంతులు కలిసి పాడుతుంటే, ఎడిసన్ ప్రతినిధి కర్నల్ గూరో దూరాన యంత్రం పెట్టి మైనపు సిలిండర్ల మీద కొంత పట్టాడు. ఆ సిలిండర్లలో కొన్ని నేటికీ ఉన్నాయి. వింటే సముద్రపు హోరులో ఎక్కడో జనం పాడుతున్నట్టుంటుంది. మరుసటి ఏడు డిసెంబరులో వియన్నాలో బ్రామ్స్ యంత్రం ముందు కూర్చుని పియానో వాయించాడు. అక్కడా గీరలే ఎక్కువ, స్వరాలు తక్కువ.

కాని ఈ చరిత్రలో నాకు అందరికన్నా ఆత్మీయుడైనవాడు లయొనెల్ మేపుల్సన్. ఇతడు గాయకుడు కాడు, శాస్త్రజ్ఞుడూ కాడు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపెరాలో సంగీత ప్రతులను భద్రపరిచే గ్రంథపాలకుడు. 1900లో ఒక ఎడిసన్ ఫోనోగ్రాఫు కొనుక్కున్నాడు. గాయకులకు మాటలందించేవాడు కూర్చునే గూటిలో మొదట దాన్ని పెట్టి చూశాడు. తర్వాత పెద్ద బూరా తగిలించి, వేదికకు చాలా ఎత్తున తెరలు లాగేవారు నడిచే వంతెన మీదికి చేర్చాడు. కింద ఒపెరా జరుగుతుంటే పైన ఇతడు మైనపు సిలిండర్లు మారుస్తూ ఉండేవాడు. ఒక్కో సిలిండరు మీద పట్టేది సుమారు రెండు నిమిషాలే. ఇలా 1903 దాకా చేశాడు. ప్రేక్షకుల ముందు జరుగుతున్న ప్రదర్శనను పట్టిన తొలి ధ్వనిముద్రణల్లో ఇవి ముఖ్యమైనవి.

ఆ రోజుల్లో రికార్డింగు గదిలో గాయకుడు బూరాలోకి తల వంచి పాడేవాడు. ఎదుట మనుషులుండరు, బూరా మాత్రమే ఉంటుంది. మేపుల్సన్ సిలిండర్లలో గాయకుడు బూరా కోసం పాడడం లేదు. శాల చివరి వరుసలో ఉన్నవాడి కోసం పాడుతున్నాడు. నడిచినప్పుడల్లా గొంతు దూరమై మళ్ళీ దగ్గరవుతుంది. మధ్యలో సిలిండరు అయిపోతుంది. పాట తెగిపోతుంది. కొన్నింటిలో చప్పట్లు వినబడతాయి. జాన్ డి రెస్కే అనే మహాగాయకుడి గొంతు ఇవాళ మనకు వినబడేది ఈ సిలిండర్లలోనే, అదీ గోడ అవతల నుంచి వచ్చినట్టు.

మైనం మెత్తన. వాయించిన ప్రతిసారీ సూది కొంత చెక్కుకుపోతుంది. మేపుల్సన్ వీటిని ఇష్టంగా వింటూ మిత్రులకూ వినిపించాడు. అంటే ప్రేమ కొద్దీ విన్నకొద్దీ అవి అరిగిపోయాయి. ఆయన 1937లో మరణించాక సంగ్రాహకులు వాటిని ఇతర రికార్డుల మీదికి ఎక్కించారు. 1985లో న్యూయార్కు ప్రజా గ్రంథాలయం వాటిని శ్రమతో సవరించి ఆరు పళ్ళేల సంపుటంగా వెలువరించింది.

మన దేశంలో 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు ముద్రించాడు. గంటల తరబడి విస్తరించే రాగాన్ని ఆమె మూడు నిమిషాలలోకి కుదించింది. జర్మనీలో రికార్డులు అచ్చొత్తే పనివాళ్ళు గుర్తుపట్టడానికి చివర్న తన పేరు తానే చెప్పింది. అద్భుతమైన పాటే. అయినా అది కచేరీ కాదు, కచేరీకి తీసిన ఛాయాచిత్రం.

ఇక తెలుగువాడినైన నాకు అలమరలో తప్పనిసరి మజిలీ తిరువయ్యారు. త్యాగరాజు 1847లో పరమపదించారు. ఎడిసన్ యంత్రానికి ఇంకా ముప్ఫై ఏళ్ళు. కాని అక్కడికి వెళ్ళి "స్వామీ, కచేరీ ఎప్పుడు?" అని అడిగితే ఆయనకు నా ప్రశ్నే అర్థం కాదు. వర్ణంతో మొదలై మంగళంతో ముగిసే నేటి కచేరీ క్రమం ఇరవయ్యవ శతాబ్దంలో స్థిరపడింది. దానిని తీర్చిదిద్దిన ఘనత అరియకూడి రామానుజ అయ్యంగారి (1890–1967)కి ఇస్తారు. త్యాగయ్య పాడింది తన రాముడి ఎదుట, ఉంఛవృత్తి చేస్తూ వీధిలో, శిష్యులకు నేర్పుతూ. నేను టిక్కెట్టు కొని కూర్చోవడానికి అక్కడ వరుసలు లేవు.

మరి ఆ పాట మనదాకా ఎలా వచ్చింది? వాలాజపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల గొంతుల మీదుగా. వాలాజపేట వెంకటరమణ భాగవతార్ వారి ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. మూడు పరంపరలలో ఒకే కీర్తన మూడు తీరులుగా వినిపిస్తుంది. మైనం లాగే మనిషి గొంతు కూడా వాయించినకొద్దీ కొంత చెక్కుకుపోతుంది. కాని గొంతుకు ఒక గుణం ఉంది. పోయినచోట కొత్తది పూస్తుంది. అసలు ఎలా ఉండేదో చెప్పలేకపోవడం ఈ బతికి ఉండడానికి మనం కట్టిన సుంకం.

ఇంత చరిత్రా చదివింది ఒక క్యాసెట్టు వల్లనేమో. 1979 శ్రీరామనవమికి మా ఊరి పందిట్లో ఒక విద్వాంసుడు పాడారు. మా నాన్నగారు అరువు తెచ్చిన టేప్‌రికార్డరును ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేశారు. పాట ఎక్కడో దూరాన. మైకు కూత. పానకం గ్లాసుల చప్పుడు. పిల్లల ఏడుపు. రెండవ వైపు మధ్యలో నాన్నగారు పక్కాయనను మెల్లిగా అడుగుతారు: "తోడేనంటారా?" ఆయన, "ఆఁ, తోడే. ఆ గాంధారం వినండి" అంటారు. అంతే. నాన్నగారి గొంతు నా దగ్గర మిగిలినది ఆ ఒక్క మాటలోనే.

ఆ మధ్య మా అబ్బాయి ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, రొద తీసేసి, శుభ్రం చేసి ఇచ్చాడు. పాట తేటగా వినబడింది. ఎంతో శ్రద్ధగా చేశాడు. రెండవ వైపు దాకా విన్నాను. తోడి వచ్చింది, గాంధారం వచ్చింది, ప్రశ్న రాలేదు. రొదతో పాటు అదీ పోయింది. వాడి తప్పేముంది? సంగీతం కానిదంతా తీసేయమని యంత్రానికి చెప్పాడు. శుభ్రం చేయని ప్రతి ఇంకా ఉందని తెలిసేదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇప్పుడు రెండూ దాచుకున్నాను. వినేది మాత్రం రొద ఉన్నదే.

మేపుల్సన్ సిలిండర్లలోని చప్పట్లను నేను వెతుక్కుంటూ వినడం అప్పటినుంచే. ఆ చప్పట్లు కొట్టినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళలో ఒకడి కొడుకు ఎవరైనా అది విని ఉంటే, డి రెస్కే గొంతు కోసం విన్నాడా, ఆ చప్పట్ల కోసమా?

నవలలోని కార్ల్ తన అలమరను నాకు ఒక్కసారి అరువిస్తే, వియన్నా, తిరువయ్యారు రెండూ వదులుకుంటాను. 1979 అని నాలుగంకెలూ సరిచూసుకుని రాస్తాను. పందిట్లో నాన్నగారి వెనక వరుసలో చాప మీద కూర్చుంటాను. ఆయన ప్రశ్న అడిగినప్పుడు పక్కాయన కన్నా ముందే నేను జవాబు చెబుతానేమోనని భయం. చెబితే క్యాసెట్టు మారిపోతుంది. అందుకని నోరు మెదపకుండా విని వస్తాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి క్యాసెట్లు ఉండే ఉంటాయి. శుభ్రం చేసేముందు ఒకసారి, రొదతో సహా, చివరిదాకా వినండి.